లోపలి మట్టి

మట్టి దిమ్మెలు చేసే షెడ్డులో పొద్దున్నే జరిగే మొదటి పని గ్లాసులు చూడటం. కిటికీ గట్టు మీద వరసగా గాజు గ్లాసులుంటాయి. ముందురోజు సాయంత్రం ఒక్కో గ్లాసు నీళ్ళలో ఒక్కో బస్తా నుంచి చిటికెడు మట్టి చల్లి ఇంటికి పోతారు. మంచి మట్టయితే తెల్లారేసరికి గ్లాసు సగం దాకా పొంగి, గంజి మీద తెట్టులా మెత్తగా నిలబడుతుంది. చచ్చు మట్టయితే ఇసుకలా అడుగున కూర్చుంటుంది. ఆ గ్లాసుల వంక చూసి ఏ బస్తా దిమ్మెలకి పోవాలో, ఏది బయట పారెయ్యాలో చెప్పేది ఆమె. నోటితో కాదు, వేలితో. ఆమెకి మాటలు ముందునుంచీ తక్కువ. కొడుకు పోయాక మరీ తక్కువ.

దాన్ని ఉబ్బుమట్టి అంటారు. ఎండలో ఉన్నంతసేపూ పిండిలా నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. నీళ్ళు తగిలాయా, తాగి తాగి ఉబ్బి, ఎక్కడ సందుంటే అక్కడ దూరి బైఠాయిస్తుంది. ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన చెత్తలో ఏళ్ళ తరబడి వేడి చల్లారనిది ఒక రకం ఉంది. దాన్ని ఇనుప పీపాల్లో పెట్టి, కొండ కింద సొరంగాల్లో దాచి, చుట్టూ ఈ మట్టి దిమ్మెలు పేరుస్తారు. కొండలోంచి ఊట వస్తే దిమ్మెలు ఆ ఊటనే తాగి, ఉబ్బి, దారి మూసేస్తాయి. లోపలి విషం లోపలే, బయటి మంచినీళ్ళు బయటే. అదీ ఏర్పాటు.

ఆమె కూడా వానకి ఉబ్బేది.

కొడుకు పోయాక వచ్చిన మొదటి వానకి మొదలైంది. దండెం మీద బట్టలు తీస్తూ తడిసింది. ఇంటికి తిరిగేసరికి గుమ్మంలో పట్టలేదు. పక్కింటావిడ చూసి, "అలా పక్కకి తిరిగి రండి, పడతారు" అని చెప్పి తన పని తను చూసుకుంది. దర్జీ ఆమె రవికెలకి రెండు పక్కలా మడతలు వదిలి కుట్టాడు. "ఎండకో కొలత, వానకో కొలత. మా ఆవిడకైతే ఏ కాలమైనా వాన కొలతే" అన్నాడు. మబ్బు పట్టిన రోజున బస్సు కండక్టరు వెనక సీటంతా ఆమెకే వదిలేయించి, "ఎవరైనా ఆవిడ పక్కన కూర్చుంటే తర్వాత నన్నడక్కండి" అని అరిచేవాడు. ఎండ కాస్తే మెల్లగా మామూలయ్యేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మట్టి పిసికే ఊరు. ఎవరూ దాన్ని వింత అనుకోలేదు.

కొడుకు పనిచేసింది ఆమె మరిది ముఠాలో. మరిదంటే పరాయివాడా? ఆమె కాపురానికొచ్చిన నాటికి చొక్కా చేతికి ముక్కు తుడుచుకునే పిల్లాడు. ఆమె చేత్తో పెడితే తిని పెరిగినవాడు. పెరిగి పెద్ద మేస్త్రీ అయ్యాడు. అన్న పోయాక ఇంటికి మగదిక్కయ్యాడు. అన్న కొడుకుని తనే తీసుకెళ్ళి పనిలో పెట్టాడు.

కొడుకు పనిచేస్తూ ఈల వేసేవాడు. ఎప్పుడూ ఒకటే పాట. అదీ చివరి మెలిక దగ్గర శ్రుతి తప్పేది.

"అక్కడ తప్పుతున్నావురా" అనేది ఆమె.

"అక్కడ తప్పకపోతే అది నా ఈల అని నీకెలా తెలుస్తుందమ్మా?" అనేవాడు.

సొరంగం పనికి రెండు కట్టుబాట్లున్నాయి. మీద చెయ్యి ఆన్చి ఉంచగలిగేంత చల్లబడేదాకా పీపాని లోపలికి తీసుకెళ్ళకూడదు. తీసుకెళ్ళాక పీపాకీ దిమ్మెలకీ మధ్య జానెడు మందాన ఇసుక పొయ్యాలి. ఎందుకంటే వేడీ ఇనుమూ జతకట్టి ముట్టుకుంటే ఉబ్బుమట్టి గుణం చెడుతుంది. నల్లపచ్చగా తిరిగి, మాడిన రొట్టెలా పెళుసెక్కుతుంది. ఆ తర్వాత ఏరు తెచ్చి పోసినా తాగదు. ఉబ్బడమే మర్చిపోతుంది. షెడ్డులో చేరినవాళ్ళకి చీపురు చేతికిచ్చే ముందే చెప్పే సంగతి ఇది.

ఆ ఏడు మరిదికి తొందర పుట్టింది. మిగతా ముఠాలకంటే ముందే సొరంగం మూసి చూపించాలని. ఇసుక ఎగ్గొట్టి, పొగలు కక్కుతున్న పీపాల్నే దిమ్మెల మధ్యకి తోయించాడు. కొడుకు లోపల దిమ్మెలు సర్దుతున్నప్పుడు కొండ ఊట తోసుకొచ్చింది. దారి మూయాల్సిన మట్టి మూయలేదు.

బయటికి తీసిన కొడుకు శవం పిడికిలి విప్పితే అందులో దిమ్మె పెచ్చు ఒకటుంది. నల్లపచ్చది. ఆమె దాన్ని నలిపి గ్లాసులో వేసింది. అడుగున కూర్చుంది.

దిమ్మెలు ఒకదానికొకటి అంటుకునేలా అంచులు కాస్త తడిపి తేవడం సర్దేవాడి పని. గేటు దగ్గర బోర్డు పెట్టారు. 'దిమ్మెలు తడపకుండా తెచ్చినందువల్ల ప్రమాదం. తప్పు మృతునిదే.' మరిది చెప్పిన మాటే బోర్డయింది. ఆమె రోజూ దాన్ని దాటుకునే పనికి పోవాలి, దాన్ని దాటుకునే ఇంటికి రావాలి.

ఒక్కసారి అడిగింది. "ఇసుక పోశావురా?"

"వదినా, నువ్వు కాసేపు పడుకో" అన్నాడు మరిది.

ఆమె పడుకోలేదు. అప్పటినుంచి ఆమెకి కోరికంటూ ఉంటే ఒకటే. ఆ నోటితో అన్న మాట ఆ నోటితోనే కక్కించాలి. పదిమంది వినేలా.

వాన పడ్డప్పుడల్లా గొడుగు ఇంట్లో వదిలేసి మరిది ఇంటికి పోయేది. ముందు గదిలో పీట వాల్చుకుని కూర్చునేది. మెల్లమెల్లగా గది నిండేది. తోడికోడలు బల్ల మీది పూలకుండీ తీసి గుండెకి హత్తుకుని, గోడకి అతుక్కుని నిలబడి, "అక్కా, వంటగదికి కాస్త దారి వదులు, పొయ్యి మీద పాలున్నాయి" అనేది. ఆమె వదిలేది. మరిదికి మాత్రం వదిలేది కాదు.

"ఏరా, చెబుతావా?"

"ఏం చెప్పమంటావు వదినా?"

"నీకు తెలుసు."

మరిది చెప్పులు చేత పట్టుకుని కిటికీలోంచి దూకి పనికి పోయేవాడు. "ఏం మేస్త్రీ, ఇంటికి గుమ్మం పెట్టించుకోలేదా?" అనేవాళ్ళు వీధిలో. "మా వదినొచ్చింది" అనేవాడు. "అలాగా" అని దారిచ్చేవాళ్ళు.

కానీ మేస్త్రీ మేస్త్రీయే. ఉబ్బేదాన్ని ఉబ్బకుండా చెయ్యడం ఎలాగో వాడికొకరు నేర్పాలా?

ముందు ఇనప మంచం వచ్చింది. "నడుం నొప్పంటున్నావుగా వదినా, నేల మీద ఎన్నాళ్ళు పడుకుంటావు?" అని ఇద్దరు మనుషుల చేత మోయించుకొచ్చాడు. తర్వాత షెడ్డులో ఆమె చోటు మారింది. గ్లాసుల కిటికీ దగ్గర్నుంచి దిమ్మెలు ఆరబెట్టే బట్టీ పక్కకి. అక్కడ కూర్చోడానికి ఇనప కుర్చీ. సాయంత్రమయ్యేసరికి తోడికోడలు రబ్బరు సంచీలో వేడినీళ్ళు తెచ్చి ఆమె వీపుకి కాపడం పెట్టేది.

"ఆయనే నీళ్ళు కాచి నింపి ఇచ్చారక్కా. అక్కకి చల్లగాలి తగలనివ్వకు అని ఒకటే పోరు. నీ గురించి ఎంత బెంగో."

ఆ పిల్లకి కల్లాకపటం తెలియదు. సంచీ చల్లారిపోతుందేమోనని పైట కప్పుకుని, అరచేతులు చురుక్కుమంటున్నా పరిగెత్తుకుంటూ వచ్చేది.

ఆమె కాదనలేదు. వెచ్చగా ఉంటే హాయిగానే ఉంది మరి.

ఆ ఏడు వానలకి ఆమె అంతగా ఉబ్బలేదు. ఆ తర్వాత అసలు ఉబ్బలేదు. "మడతలు విప్పేసి కుట్టెయ్యమంటారా?" అని అడిగాడు దర్జీ, కాస్త దిగులుగా. బస్సులో ఆమె పక్కన మళ్ళీ జనం కూర్చోసాగారు. ఒకరోజు కండక్టరు ఏదో వేళాకోళమాడితే ఆమె నవ్వింది. గేటు దగ్గర బోర్డు దాటాక గుర్తొచ్చింది, ఆ పూట బోర్డు వంక చూడనేలేదని.

ఆ సాయంత్రం అంట్లు తోముతూ కొడుకు ఈల గుర్తు చేసుకోబోయింది. పాట వచ్చింది. చివరి మెలిక రాలేదు. ఎక్కడ తప్పేవాడో ఎంత వెతికినా దొరకలేదు.

కడుగుతున్న గిన్నె చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుని ఆగింది. ఆమె దాన్ని తీయలేదు. నేల మీద చతికిలబడి, కాలు ముందుకి చాపుకుని, మడమ నుంచి చాకుతో కాస్త గీకింది. నల్లపచ్చగా రాలింది. గ్లాసులో వేసి, ఎదురుగా కూర్చుంది. అడుగుకి దిగిపోయింది. ఇసుకలా. చచ్చు మట్టిలా.

ఇనప మంచం వంక చూసింది. వేడినీళ్ళ సంచీ తగిలించిన మేకు వంక చూసింది. ఆమెకి అర్థమైంది. కొడుకుని ఏం చేసి చంపాడో, తన కోపాన్ని కూడా అదే చేసి చంపుతున్నాడు.

కానీ ఆమె జీవితమంతా దిమ్మెలు విరిచి చూసింది. ఇనుము తగిలిన దిమ్మె మొత్తం ఒక్కసారే చెడదు. తగిలిన వైపు వేలెడు మందాన పెచ్చు కడుతుంది, అంతే. ఆ పెచ్చు ఊడదీస్తే లోపల ఎప్పటి మట్టి అప్పటిలాగే ఉంటుంది. ఇంకో గ్లాసు తీసింది. ఈసారి మడమ పగులులోకి చాకు మొన దించి, అడుగు నుంచి చిటికెడు లాగింది. నొప్పి పుట్టింది. వేసింది. తెల్లారేదాకా ఆగక్కర్లేకపోయింది, పడుకునే వేళకే గ్లాసు సగం దాకా పొంగింది.

ఆమె రెండు గ్లాసులూ పారబోసి, కడిగి బోర్లించింది. ఇనప మంచం మీదే పడుకుంది.

మర్నాడు మామూలుగానే ఇనప కుర్చీలో కూర్చుంది. తోడికోడలు వస్తే మామూలుగానే వీపు చూపించింది. కాకపోతే ఆ పిల్ల వెళ్ళగానే సంచీ తీసి మూల పడేసేది. పైన పెచ్చు పెచ్చులాగే ఉండనిచ్చింది. మరిది కంటికి అదే కనబడాలి.

"వదిన మనిషయింది" అని మరిది ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పటికి కొత్త సొరంగం సిద్ధమవుతోంది. ఊరంతా తాగే బావికి ఎగువన. దానికీ మరిదే పెద్ద. మూసే రోజున తనిఖీకి పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పనివాళ్ళూ, ఇళ్ళవాళ్ళూ సొరంగం నోటి ముందు చేరారు. తోడికోడలు కూడా కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది.

మూసేటప్పుడు ఒక పద్ధతుంది. నోటి దగ్గర మనిషి పట్టేంత సందు మాత్రం వదిలి మిగతా అంతా దిమ్మెలు పేర్చేస్తారు. పెద్ద మేస్త్రీ లాంతరు పట్టుకుని లోపలికి పోయి, పీపాల చుట్టూ ఒక్కో దిమ్మెనీ వేలి కణుపుతో కొట్టి చూసి బయటికొస్తాడు. ఆ తర్వాత మూత దిమ్మె పెడతారు. అది పెట్టేది షెడ్డులో అందరికన్నా పాతచెయ్యి.

"మా వదినే పెట్టాలి" అన్నాడు మరిది తనిఖీ ఆవిడతో, పదిమందికీ వినబడేలా. "కడుపుకోత మింగుకుని కూడా పని మానలేదు. అలాంటి మనిషండీ."

"పెడతారా అమ్మా?" అంది తనిఖీ ఆవిడ.

ఆమె తలూపింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, సందులో నిలబడింది. మరిది ఆమె భుజం పక్కనుంచి లోపలికి దూరాడు.

టక్, టక్ మని కణుపుతో కొడుతున్న చప్పుడు. లోపల్నుంచి సెగ వచ్చి ఆమె మొహానికి తగిలింది. చల్లారిన పీపాలకి సెగ ఉండదు. లాంతరు వెలుగులో చూసింది. పీపా పక్కనే దిమ్మె. మధ్యలో ఇసుక లేదు.

మళ్ళీ అదే తొందర. మళ్ళీ అదే ఎగవేత.

ఆమె అరవలేదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుని, పగిలిన మడమలు రాతి అంచుకేసి గట్టిగా రాసింది. పెచ్చులు ఊడి పడ్డాయి.

లోపల టక్ టక్ ఆగింది. "ఏయ్" అన్నాడు మరిది, ఎవర్నో అదిలించినట్టు. నీళ్ళని. వెనక గోడ దిమ్మెల సందుల్లోంచి ఊట చిమ్ముతోంది. నల్లపచ్చ దిమ్మెలు నీళ్ళు కారుతున్నా దిష్టిబొమ్మల్లా చూస్తూ ఊరుకున్నాయి. మరిది లాంతరు పారేసి సందు వైపు పరుగెత్తుకొచ్చాడు.

నీళ్ళు అతని కంటే ముందొచ్చాయి. ఆమె పాదాలకి తగిలాయి.

ఎన్నాళ్ళ దాహమో. ముందు మడమలు తాగాయి, తర్వాత పిక్కలు, నడుము. దర్జీ వదిలిన మడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, తర్వాత తెగిపోయాయి. వీపు మీది పెచ్చు పెంకులా పగిలి రాలింది. భుజాలు గోడలకి ఆనాయి. తల పైకప్పుకి ఆనింది. రాతిలో ఎక్కడ పగులుందో అక్కడికల్లా ఆమె వెళ్ళింది. ఊట వచ్చినంతా తాగింది. ఒక్క బొట్టు బయటికి పోనివ్వలేదు. మరిది గొంతు దాకా వచ్చిన నీళ్ళు కూడా తాగేసింది. చివరికి లోపల మిగిలింది పీపాలు, మరిది, ఆమె. సొరంగం కప్పు కింద, ఆమె తల పక్కనుంచి పోయే గాలిగొట్టం ఒక్కటే లోపలికీ బయటికీ మిగిలిన దారి.

"వదినా, జరుగు."

"జరగను."

"వేళాకోళం కాదు వదినా. వెనక పీపా కాలిపోతోంది."

"కాలుతుంది."

మరిది తోశాడు. మట్టిని తోస్తే ఏముంటుంది? చేతులు ముంజేతుల దాకా దిగబడ్డాయి. లాక్కోడానికే ఆయాసపడ్డాడు. ఆమె ఇంకొంచెం ఉబ్బింది. మరిది వీపు ఇనుముకి ఆనింది.

"అమ్మా! చెబుతాను!" వదినా అనలేదు, చిన్నప్పటిలా అమ్మా అన్నాడు. గాలిగొట్టం దగ్గరికి మెడ చాచి అరిచాడు. "వింటున్నారా? ఇసుక పోయించలేదు! అప్పుడూ పోయించలేదు, ఇప్పుడూ పోయించలేదు. పీపాలు చల్లారనివ్వలేదు. వాడి తప్పేం లేదు. వాడు దిమ్మెలన్నీ తడిపే తెచ్చాడు." ఊపిరి తీసుకున్నాడు. "ఇసుక పొయ్యకపోతే ఎలా బాబాయ్ అని అడిగాడు కూడా. నోరు ముయ్యరా అన్నాను. ఇంకో మాట అనకుండా ఈల వేసుకుంటూ లోపలికి పోయాడు."

బయట తనిఖీ ఆవిడ గొట్టానికి చెవి ఆన్చి నిలబడింది. ఆవిడ పక్కన తోడికోడలు.

మట్టి లోపల ఎక్కడో ఆమెకి ఈల వినబడింది. చివరి మెలిక. శ్రుతి తప్పిన చోటు, సరిగ్గా అక్కడ.

"చెప్పేశాను వదినా. ఇంక తగ్గు."

"తగ్గడం నా చేతిలో లేదురా" అంది ఆమె. ఆ మధ్యకాలంలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడింది ఇప్పుడే. "వేడీ ఇనుమూ తగ్గించాలి నన్ను. నీ వెనకే ఉన్నాయి రెండూ. పని చేస్తాయి. కాకపోతే మెల్లగా చేస్తాయి. ఈసారి తొందరపడకు."

తనిఖీ ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. రాయికీ ఆమెకీ మధ్య కాగితం కూడా దూరలేదు. బావి నీళ్ళు తెప్పించి చూసింది. తేటగా ఉన్నాయి. ఇంత బాగా మూసిన నోరు తన ఉద్యోగంలో చూడలేదంది. కదిపితే ఊట ఊరి మీద పడుతుంది కాబట్టి కదపకూడదని చెప్పి, బోర్డు మార్పించి, వెళ్ళిపోయింది. కొత్త బోర్డు మీద తప్పు ఎవరిదో పెద్ద అక్షరాల్లో రాసుంది. దర్జీ చదివి, పూర్తిగా చదివి, చొక్కా అంచుతో దాని మీది దుమ్ము తుడిచాడు. కండక్టరు ఆ దారిన పోయేటప్పుడు బస్సు కాస్త నెమ్మది చేయించేవాడు.

తోడికోడలు రోజూ గొట్టం దగ్గరికి వచ్చేది. మొగుడికి జావ పోసేది. ఆ తర్వాత అక్కకి కూజాడు నీళ్ళు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఒక మధ్యాహ్నం జావ పోసి కూజా ఎత్తుతుంటే మొగుడి గొంతు వినబడింది. చిన్నగా, బుజ్జగింపుగా.

"ఇదిగో, విను. దానికి నీళ్ళు పొయ్యకు. ఎండలకి ఊట సన్నబడింది. ఇటువైపు అప్పుడే పెచ్చు కడుతోంది, చేత్తో తడిమి చూశాను. కొన్నాళ్ళు నీళ్ళు మానేశావంటే ఎండిపోతుంది. సందు పడుతుంది. పక్కకి తిరిగి వచ్చేస్తాను. నీ చేతిలో పనే."

ఆవిడ కూజా దింపి, తన చేతుల వంక చూసుకుంది. అరచేతుల్లో వేడినీళ్ళ సంచీ పట్టుకున్న చోట చర్మం ఇంకా నున్నగా, ఎర్రగా ఉంది. చల్లారనివ్వకుండా పరిగెత్తిన సాయంత్రాలన్నీ అందులోనే ఉన్నాయి.

"వింటున్నావా?" అన్నాడు మొగుడు.

ఆవిడ గొట్టానికి నోరు ఆన్చి, "అక్కా" అంది. "దాహమేస్తోందా?"

తర్వాత కొండ లోపల్నుంచి, తడి ఆరుతున్న గొంతుతో,

"ఊఁ."

తోడికోడలు కూజా ఎత్తింది. గొట్టంలోకి సన్నటి ధారగా, ఒక్క బొట్టు కింద పడకుండా, అడుగు దాకా వంచి పోసింది. ఆ తర్వాత ఖాళీ కూజా చంకనెత్తుకుని, ఇంకోటి నింపుకురావడానికి బావి దగ్గరికి వెళ్ళింది.